క్రాబ్ ఆపిల్ మొక్క ఎంత లోతులో నాటాలి? నాటడం నుంచి కత్తిరింపు దాకా

నమస్తే అండి. ఈరోజు క్రాబ్ ఆపిల్ నాటుదాం. ఇది ఆపిల్ జాతే, కాకపోతే కాయ 5 సెంటీమీటర్లు దాటదు. మనం పెంచేది పూత కోసం. ఒక మాట ముందే చెప్పేస్తాను, దీనికి చలికాలం కావాలి. చలి సరిగ్గా పడని చోట ఆకులేస్తుంది గానీ పూత సరిగా రాదు. అలాంటి చోట ఉంటే కొనకండి.

రకం చూసుకోండి. స్థలం తక్కువైతే సార్జెంట్, తెల్ల పూలు, రెండు మీటర్లు, రెండున్నర మీటర్ల ఎత్తు, పక్కలకే ఎక్కువ పరుచుకుంటుంది. స్థలం ఉంటే ప్రైరీఫైర్, ముదురు గులాబీ. రెండూ ఆకుమచ్చ తెగులును బాగా తట్టుకుంటాయి. పూల రంగు చూసి కాదు, ముందు ఇది చూసి కొనండి.

చోటు... రోజుకి ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల. గుంత తీసి నీళ్లు నింపండి, మర్నాటికీ ఇంకకపోతే చోటు మార్చండి. అంతే.

గుంత వెడల్పు ఇదిగో, కుండీకి రెండు మూడింతలు. లోతు మాత్రం... ఇక్కడ ఆగుదాం. ఎక్కువ మొక్కలు పాడయ్యేది ఇక్కడే.

కుండీలోంచి తీశాం కదా, ఈ పైమట్టి మొక్కకి అసలు మట్టం అనుకోకండి. నర్సరీలో కుండీ మార్చినప్పుడల్లా పైన మట్టి పోస్తారు. వేళ్లతో గోకుతూ పోండి. ఇలా... ఇంకా... సన్నటి పీచు వేర్లు వస్తే కత్తిరించేయండి. ఇదిగో, చూశారా? కాండం వెడల్పై, మొదటి లావు వేరు పక్కకి తిరిగే చోటు. ఇదీ మొదలు. ఇక్కడినుంచి వేర్ల ముద్ద అడుగుదాకా కొలిచి, అంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ లోతు తీయండి. గుంత మీద అడ్డంగా కర్ర పెట్టి చూడండి, మొదలు కర్ర కంటే కాస్త పైకే ఉండాలి. తర్వాత ఎలాగూ కొంచెం దిగుతుంది.

పైన ఈ బుడిపె ఉందే, ఇది అంటు కట్టిన చోటు. మొదలు ఇది కాదు. ఇది ఎలాగూ నేల పైనే ఉండాలి.

మొదలు పూడితే ఏమవుతుంది? బెరడు తడిగా ఉండి కుళ్లుతుంది, వేర్లకి గాలి అందదు, కొన్ని వేర్లు కాండం చుట్టూ తిరిగి బిగుసుకుంటాయి. రెండు మూడేళ్లు బాగానే కనిపిస్తుంది, తర్వాత ఆకులు చిన్నవై, కొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. కాండం కరెంటు స్తంభంలా నిట్టనిలువుగా నేలలోకి దిగిపోయిందంటే, పూడ్చేశారని అర్థం.

చుట్టలు తిరిగిన వేర్లు కోసేసి, తీసిన మట్టే తిరిగి వేయండి. కంపోస్టు గుంతలో కాదు, పైన. నీళ్లు పోయండి. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టు పరవండి, కాండానికి తగలకుండా జానెడు ఖాళీ వదలండి. మొదటి ఏడాది వానలు లేకపోతే వారానికోసారి, వేర్ల లోతుదాకా తడిసేలా నీళ్లు.

యూరియా జోలికి వెళ్లొద్దు. లేత చిగుళ్లు విపరీతంగా వచ్చి ఫైర్ బ్లైట్‌కి, అంటే చిగుళ్లు నల్లబడి మాడిపోయే బాక్టీరియా తెగులుకి, దారిస్తుంది.

కత్తిరింపు చలికాలం చివర, మొగ్గలు విచ్చకముందు. చెట్టు మొదలు దగ్గర వచ్చే పిలకలు చిన్నగా ఉన్నప్పుడే చేత్తో చీల్చి తీసేయండి, కోస్తే మళ్లీ గుంపుగా వస్తాయి. వేసవి మధ్యకి వచ్చే ఏడాది పూమొగ్గలు తయారవుతాయి కాబట్టి ఆ తర్వాత కత్తెర పెడితే పూత పోతుంది.

ఒక్క ఫైర్ బ్లైట్‌కి ఈ లెక్క లేదు. చిగురు నల్లబడి చేతికర్ర పిడిలా వంగిందా, వానలేని రోజు చూసి, తెగులు కనిపించే చోటు కంటే 30 సెంటీమీటర్లు కిందికి కోసేయండి. కోసిన ప్రతిసారీ కత్తెర 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. స్ప్రే సీసాలో పోసుకుంటే పని తొందరగా అవుతుంది. బ్లీచ్ వద్దు, బ్లేడు తుప్పు పడుతుంది. కోసిన కొమ్మలు చెట్టు కింద వదలకండి, కంపోస్టులోనూ వేయకండి.