ఎరకు కుచ్చు కట్టడం: బాస్ చేప కోసం స్కర్ట్ ఎంపిక, తయారీ

[గాజు తొట్టె నిండా నీళ్లు. పైనుంచి జిగ్ వదులుతున్న చెయ్యి. కెమెరా దగ్గరగా.]

రెప్ప వెయ్యకుండా చూడండి. జిగ్, అంటే బరువైన తలకి కొక్కెం ఉన్న ఈ ఎర, కిందికి దిగుతున్నంతసేపూ ఈ పోగులన్నీ వెనక్కి ఒదిగి, తడిసిన కుంచెలా ఉన్నాయి. ఇప్పుడు అడుగు తగిలింది. అదిగో, ఒక్కసారిగా విచ్చుకున్నాయి! జిగ్ కదలడం లేదు, కానీ పోగులు ఇంకా మెల్లగా ఆడుతూనే ఉన్నాయి. బాస్ చాలాసార్లు ఎర దిగుతున్నప్పుడో, ఇలా దిగి ఆగినప్పుడో పట్టేస్తుంది. స్కర్ట్‌కి మనం పెట్టే డబ్బంతా ఈ రెండు మూడు సెకన్ల కోసమే అనుకోండి.

స్కర్ట్ అంటే పెద్ద విషయమేమీ కాదు, ఎర తలకి కట్టిన కుచ్చు. జిగ్, తీగకి గిరగిరా తిరిగే రేకులున్న స్పిన్నర్‌బైట్, నీటి పైన చప్పుడు చేస్తూ వచ్చే బజ్‌బైట్, ముందు రేకు ఊగే బ్లేడెడ్ జిగ్, అన్నిటికీ ఉంటుంది. కొనేటప్పుడు మాత్రం అందరి చూపూ రంగు మీదకే పోతుంది. నేనూ అంతే. నా పెట్టెలో ఒకప్పుడు ముప్పై రంగులుండేవి, అన్నీ ఒకే మందం, ఒకే పొడుగు. అంటే నా దగ్గర ఉన్నది ముప్పై స్కర్టులు కాదు, ఒకే స్కర్టుకి ముప్పై చొక్కాలు.

కాబట్టి రంగు సంగతి ముందే తేల్చేద్దాం. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ పేరుతో అమ్మే ఆకుపచ్చ-గోధుమ కలిసిన రంగు. ఉత్తర అమెరికా చెరువుల్లో బాస్ ఇష్టంగా తినే క్రాఫిష్‌కి, అదే డెక్కలతో రొయ్యలా ఉండే జీవికి, ఈ రంగు దగ్గరగా ఉంటుంది. నీళ్లు బురదగా ఉంటే నలుపు-నీలం. బాస్ చిన్న చేపల్ని తరుముతుంటే తెలుపు, లేదా తెలుపుతో షార్ట్రూజ్ అనే నిమ్మపచ్చ. ఈ మూడూ ఉంటే పని నడుస్తుంది. ఒక తమాషా చెప్పనా? ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లార్జ్‌మౌత్ అనే రకం బాస్‌కి రంగులు గుర్తుపట్టడం నేర్పించి చూశారు. ఎరుపునీ ఆకుపచ్చనీ అది బాగానే పట్టుకుంది. షార్ట్రూజ్‌కీ తెలుపుకీ, నలుపుకీ నీలానికీ మాత్రం తికమకపడింది. మనం నలుపు కొనాలా, నలుపు-నీలం కొనాలా అని కొట్టు ముందు నిలబడి పడే టెన్షన్ చేపకి లేదన్నమాట.

[బల్ల మీద మూడు కుచ్చులు పక్కపక్కన: సిలికాన్, రబ్బరు, జింక వెంట్రుకలు.]

అసలు తేడా ఇక్కడ ఉంది. మొదటిది సిలికాన్. సన్నగా, చదునుగా ఉంటుంది, మెరుపులూ చారలూ ఎన్నయినా అచ్చు వేయొచ్చు, చాలాకాలం మన్నుతుంది. రెండోది సహజ రబ్బరు పోగులు, వీటిని లివింగ్ రబ్బర్ అంటారు. రంగులు తక్కువ, ఎండకి జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి. కానీ నీళ్లలో దీని ఒయ్యారమే వేరు. ఎరని అంగుళం జరిపినా గుప్పున విచ్చుకుంటుంది. నీళ్లు చల్లబడి, ఎరని నత్తనడకన లాగాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి దీనిమీదకే పోతుంది. మూడోది వెంట్రుకలు, ఎక్కువగా జింక తోకవి. ఇవి గొడుగులా విచ్చుకోవు, ఊపిరి తీసుకుంటున్నట్టు అలా అలా కదులుతాయి. చల్లటి తేట నీళ్లలో, తెలివి మీరిన చేపల దగ్గర పనికొస్తాయి.

మందం ఇంకో సంగతి. కుచ్చు ఒత్తుగా ఉంటే నీళ్లు దాన్ని ఆపుతాయి, ఎర నెమ్మదిగా దిగుతుంది, పెద్దదిగా కనిపిస్తుంది. పల్చగా ఉంటే చకచకా దిగుతుంది. అంటే బరువు మార్చకుండానే దిగే వేగం మార్చుకోవచ్చు, కత్తెర ఒక్కటుంటే చాలు.

[చేతులు, పనిముట్లు. కెమెరా పైనుంచి.]

సరే, ఒకటి కడదాం. సిలికాన్ పోగులు ఇలా పట్టీల్లా వస్తాయి, రెండు చివరలా అతుక్కుని ఉంటాయి. ఒక్కో పట్టీలో సుమారు 20 పోగులు. రెండు గోధుమవి, ఒకటి నారింజ తీసుకున్నాను. క్రాఫిష్ డెక్కల అంచుల్లో కనిపించే ఆ కాస్త నారింజ కోసం ఇది.

బిగించడానికి రెండు దార్లు. రబ్బరు కాలర్, అంటే పోగుల్ని పట్టి ఉంచే చిన్న రబ్బరు ఉంగరం, అయితే దాన్ని గొట్టంలాంటి పనిముట్టు మూతికి ఎక్కించి, పట్టీల్ని గొట్టంలోంచి లాగి, కాలర్‌ని జార్చేయడమే, నిమిషం పని. నేను మాత్రం సన్నటి తీగతో కడతాను. కాలర్ పాతబడితే పట్టు వదులుతుంది. ఓసారి మంచి చేప తగులుతుందనుకున్న చోట ఎర బయటికి తీసి చూస్తే, కుచ్చు మొత్తం జారి కొక్కెం వంపులో వేలాడుతోంది. అంతకు ముందు ఎన్ని విసుర్లు అలాగే విసిరానో!

పట్టీల్ని జిగ్ మెడ చుట్టూ సర్దండి. సరిగ్గా మధ్యలో కట్టకండి. మూడోవంతు ముందుకి, మిగతాది వెనక్కి ఉండాలి. ముందున్న పొట్టి పోగులు వెనక్కి మడత పడి, వెనకవాటిని తోసి నిలబెడతాయి. తొట్టెలో చూసిన ఆ గొడుగుకి ఇవే ఊచలు. తీగ రెండు చుట్లు చుట్టి, పటకారుతో మెలిపెట్టి, కొస కత్తిరించి లోపలికి వంచండి. బయటికి పొడుచుకుంటే వేలు తెగుతుంది, దారమూ తెగుతుంది. ఇప్పుడు పట్టీల చివరలు కోసేసి, అంటుకున్న పోగుల్ని వేళ్లతో విడదీయండి.

చివరగా కత్తిరింపు. మొదట్లో పోగుల్ని గట్టిగా లాగి పట్టుకుని, వంపు దగ్గర చక్కగా కోసేశాను. వదిలితే సిలికాన్ కదా, టక్కున ముడుచుకుంది. కొక్కెం సగం బోసిగా బయటపడింది. అందుకే లాగకండి. జిగ్ తల పైకి పట్టుకుని పోగుల్ని వేలాడనివ్వండి, కొక్కెం వంపు దాటాక ఒక సెంటీమీటరు వదిలి కోయండి. ఒకే గీతలా వద్దు, కత్తెరని ఏటవాలుగా పట్టుకుని అక్కడక్కడా కోస్తే సహజంగా ఉంటుంది.

స్పిన్నర్‌బైట్‌కి చిన్న మార్పు. ఆ ఎర ఆగకుండా ముందుకే వస్తుంది కాబట్టి నీటి తోపుకి పోగులు ఒంటికి అతుక్కుపోతాయి. స్కర్ట్‌ని తిరగేసి ఎక్కిస్తే పొడుగు పోగులు ముందు నుంచి వెనక్కి మడత పడి, పొంగి ఉంటాయి.

దాచేటప్పుడు రబ్బరు స్కర్టుల్ని మెత్తటి ప్లాస్టిక్ పురుగుల ఎరలతో ఒకే పెట్టెలో పెట్టకండి. కొన్నాళ్లకి రెండూ కలిసి బంకముద్ద అవుతాయి.

[మళ్లీ గాజు తొట్టె. కొత్త జిగ్ నీళ్లలోకి.]

దిగుతోంది... బాగా నెమ్మదిగా దిగుతోంది. అడుగు తగిలింది, విచ్చుకుంది, కానీ పోగులు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి, ఒత్తు ఎక్కువైంది. ఆ కత్తెర ఇటివ్వండి, మధ్యలోంచి ఓ పది పోగులు తీసేసి మళ్లీ వేద్దాం.