ఇరవై ఆరు కళ్లజోళ్లు, ఒక యాక్సిలరేటర్

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు కాబట్టి ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను, గురక మాత్రం పెట్టొద్దు.

కార్డు మీద నా ప్రసంగం పేరు "స్వచ్ఛంద సంస్థల ఎదుగుదలలో యాక్సిలరేటర్ల పాత్ర" అని వేశారు. అది చూసి మా ఆఫీసు జీపు నడిపే తమ్ముడు, "అన్నా, యాక్సిలరేటర్ సంగతి మీకంటే నాకే బాగా తెలుసు, నన్ను పంపండి" అన్నాడు. న్యూట్రల్‌లో పెట్టి ఎంత రేజ్ ఇచ్చినా సౌండు రావడమే తప్ప బండి కదలదని కూడా వాడే చెప్పాడు. వాడినే పంపాల్సింది నిజానికి.

మాది నాగర్‌కర్నూల్ వైపు చిన్న సంస్థ. 2014 నుంచి సర్కారు బళ్లలో పిల్లలకి కంటి పరీక్షలు చేయించి, సైటు ఉన్నవాళ్లకి కళ్లద్దాలు ఇప్పిస్తున్నాం. 2019లో ఒక యాక్సిలరేటర్‌లో సీటొచ్చింది. ఎవరిదో పేరు చెప్పను, ఎందుకంటే కొంచెం తిట్టేది కూడా ఉంది, తిట్టిన దానికంటే వాళ్లు చేసిన మేలు ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం ముందు అసలిది ఏంటో చెప్తాను. ఇంక్యుబేటర్ అంటే గుడ్డు దశ, ఇంకా ఆలోచనగా ఉన్నదాన్ని పొదగడం. యాక్సిలరేటర్ అంటే ఇప్పటికే నడుస్తున్నదాన్ని పట్టుకుని తోయడం. దరఖాస్తు పెడతారు, ఇంటర్వ్యూ ఉంటుంది, పదో పన్నెండో సంస్థల్ని ఒక బ్యాచ్‌గా తీసుకుంటారు, మూడు నుంచి ఆరు నెలలు మెంటార్లు, క్లాసులు, లెక్కలు, కొంత డబ్బు, ఆఖర్న డెమో డే, అంటే దాతల ముందు నిలబడి ఐదు నిమిషాల్లో మన కథ చెప్పుకోవడం. ఈ పద్ధతి మొదలైంది కంపెనీల కోసం. అమెరికాలో 2005లో వై కాంబినేటర్ వాళ్లు స్టార్టప్‌లని ఇలా బ్యాచ్‌లుగా తీసుకోవడం మొదలుపెట్టారు, కొంచెం డబ్బిచ్చి కంపెనీలో కొంచెం వాటా తీసుకునేవాళ్లు. లాభం పంచుకోని సంస్థలో వాటా ఎవరికిస్తాం, ఎలా ఇస్తాం? అందుకని చాలాకాలం మనలాంటివాళ్లకి ఆ తలుపు మూసే ఉంది.

2013లో వై కాంబినేటర్ వాళ్లు వాట్సి అనే సంస్థని తీసుకున్నారు, అది వాళ్లు తీసుకున్న మొట్టమొదటి లాభాపేక్ష లేని సంస్థ. వాటా అడగలేదు, ఇచ్చిన డబ్బుని విరాళం కింద రాసుకున్నారు. దాని కథ నాకు చాలా ఇష్టం. చేజ్ ఆడమ్ అనే కుర్రాడు కోస్టారికాలో పల్లె బస్సులో పోతుంటే ఒకావిడ ఎక్కి, కొడుకు వైద్యానికి డబ్బులు కావాలని ఆస్పత్రి కాగితాలు చూపిస్తూ సీటు సీటుకీ తిరిగిందట. ఆ కాగితాలు చూసేసరికి బస్సులో వాళ్లు డబ్బు తీసి ఇచ్చారు. మన ఆర్టీసీ బస్సులో ఈ దృశ్యం చూడనివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ల్యామినేషన్ చేయించిన ఎక్స్‌రే రిపోర్టు, పక్కన బిడ్డ ఫొటో. మనం చూపు కిటికీవైపు తిప్పుకుంటాం, ఆ అబ్బాయి మాత్రం ఆ బస్సునే ఇంటర్నెట్‌లో పెట్టాడు, రోగి వివరాలు, ఖర్చు, ఆస్పత్రి అన్నీ కనబడేట్టు. ఆ బస్సు దాటుతున్న ఊరి పేరే సంస్థకి పెట్టుకున్నాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, జనం ఇచ్చిన ప్రతి రూపాయీ రోగికే వెళ్తుంది, సంస్థ జీతాలకి వేరే దాతల దగ్గర విడిగా అడుక్కుంటారు. ఈ "విడిగా అడుక్కోవడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

మన దేశంలో ఇది కొత్తేం కాదు. చెన్నైలో విల్‌గ్రో 2001 నుంచీ ఉంది, ముంబయిలో అన్‌లిమిటెడ్ ఇండియా 2007లో వచ్చింది, ద నడ్జ్ వాళ్లు ఎన్‌కోర్ పేరుతో ప్రత్యేకంగా స్వచ్ఛంద సంస్థలకే పెట్టారు. హైదరాబాద్‌లో టీహబ్ 2015లో, ఆడవాళ్ల కోసం వీహబ్ 2018లో వచ్చాయి, కాకపోతే ఇవి ఎక్కువగా కంపెనీలవైపు.

సరే, మా కథ.

మొదటి నెలంతా క్లాసులు. "థియరీ ఆఫ్ ఛేంజ్" అని, అంటే మన పనితో ఏ మార్పు ఎలా వస్తుందో చూపించడానికి, గోడకి రంగురంగుల చీటీలు అంటించాం. నేను మనసులో తిట్టుకుంటూనే అంటించాను. ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నావని మా ఆవిడ అడిగితే "పసుపు చీటీ పైన, పచ్చ చీటీ కింద" అని చెప్పాను. రెండో నెలలో ఒక పెద్దాయన్ని మెంటార్‌గా ఇచ్చారు. జీవితమంతా ఫ్యాక్టరీలో ఖర్చుల లెక్కలు చూసి రిటైరైన మనిషి, స్వచ్ఛంద సంస్థల గురించి ఏమీ తెలీదని మొదటి నిమిషంలోనే ఒప్పుకున్నారు. నేను నా ప్రెజెంటేషన్ తీసి, "సార్, 200 రూపాయలతో ఒక పిల్లకి చూపు ఇస్తున్నాం" అన్నాను. ఈ వాక్యం మా బ్రోషర్ మీద ఐదేళ్ల నుంచి ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని రెండు ప్రశ్నలు అడిగారు. 200లో పెట్రోలు ఉందా? తర్వాత, పోయినేడు మీ సర్కారే ఊరూరా తిరిగి అద్దాలిచ్చిందిగా, ఇంక మీరెందుకు?

రెండో ప్రశ్నకి నాకు ఒళ్లు మండింది. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలయ్యాక నిజంగానే మాకు లోపల అదే భయం, ఎవరూ పైకి అనలేదంతే. రాష్ట్రమంతా శిబిరాలు పెట్టి పరీక్షలు చేసి అద్దాలిచ్చే సర్కారు ముందు, ఒక జీపూ నలుగురు మనుషులూ ఉన్న మేమెంత?

మొదటి ప్రశ్న తేలికనుకుని దాంతో మొదలుపెట్టాం. ఆ మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే లేచేసరికి రాత్రి ఎనిమిది. ఆయన ఒక తెల్ల కాగితం మీద ఒక్క బడి పేరు రాయించారు. ఆ బడికి ఎన్నిసార్లు వెళ్లారు? మూడుసార్లు, మొదటిసారి పరీక్షకి, రెండోసారి ఆరోజు బడికి రానివాళ్లకి, మూడోసారి అద్దాలివ్వడానికి. జీపు డీజిల్ ఎంత, కంటి టెక్నీషియన్‌కి రోజుకి ఎంత, పవర్ తప్పొచ్చి వెనక్కి పంపినవి ఎన్ని, కోఆర్డినేటర్ జీతం ఏ ఖాతాలో వేశారు? అక్కడ నేను నీళ్లు నమిలాను. ఎందుకంటే ఆమె జీతాన్ని మూడు వేర్వేరు ప్రాజెక్టుల్లో మూడు ముక్కలుగా దాచిపెట్టి ఉన్నాం, ఏ దాతా జీతాలకి ఇవ్వడు కాబట్టి. మీరు నవ్వుతున్నారంటే మీ పుస్తకాల్లోనూ అదే ఉందని అర్థం.

మొత్తం కూడితే ఒక జత 640 రూపాయలు. అక్కడికే నా బ్రోషర్ పోయింది. ఆయన ఆగలేదు. "ఇచ్చినవి సరే, పెట్టుకుంటున్నవి ఎన్ని?" అన్నారు. తెలీదు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

మర్నాడు మా ఫీల్డ్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను, మేమందరం ఆమెని అక్కా అనే పిలుస్తాం. అక్క చెప్పాపెట్టకుండా ఆ బడికి వెళ్లింది. ఆరు నెలల కింద ఇచ్చినవి 26 జతలు. ముక్కు మీద ఉన్నవి తొమ్మిది. ఇద్దరు ఆడపిల్లలకి ఇంట్లో అమ్మలే తీసేయించారు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బందని, ఆ పిల్లలు చదివేది ఏడో తరగతి. కొందర్ని "సోడాబుడ్డి" అని వెక్కిరిస్తే సంచిలో పడేశారు. ఒక పిల్లాడు జాగ్రత్తగా ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచుకున్నాడు, పండక్కి పెట్టుకుంటాడట. అన్నిటికంటే ఎక్కువమందికి మాత్రం చాలా చిన్న కారణం, స్క్రూ ఊడిపోయింది. ఆవగింజంత స్క్రూ. ఒకడు దారంతో కట్టుకున్నాడు, మిగతావాళ్లు ఊరుకున్నారు, ఎందుకంటే అద్దాల షాపుకి వెళ్లాలంటే టౌనుకి బస్సెక్కాలి, ఒక పూట కూలి పోతుంది.

జతకి 640 లెక్కన 26 జతల ఖర్చుని ఆ తొమ్మిదితో భాగిస్తే ఒక్క ముక్కు మీద కళ్లజోడుకి దాదాపు 1,850 రూపాయలు పడింది. ఆ అంకె చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు, సిగ్గుతో.

పెద్దాయన రెండో ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. అద్దాలివ్వడం సర్కారు మాకంటే వెయ్యి రెట్లు పెద్దగా చేయగలదు. ఆ అద్దాలు, ఎవరిచ్చినవైనా సరే, పిల్లల ముక్కు మీద ఉండేట్టు చూసే నాథుడు ఎవరూ లేరు. స్క్రూలు, ముక్కు ప్యాడ్లు, చిన్న స్క్రూడ్రైవర్ ఉన్న ఒక డబ్బా బడికొకటి పెట్టి, ఒక టీచర్‌కో పెద్ద క్లాసు పిల్లకో బిగించడం నేర్పడం, అమ్మలతో మాట్లాడటం, ఇప్పుడు మా పనిలో సగం అదే. నా దృష్టిలో ఆ ఆరు నెలల ప్రోగ్రాం మొత్తానికి ఖరీదు చేసేది ఆ ఒక్క మధ్యాహ్నం.

ఇక తిట్టాల్సిన భాగం. డెమో డే. ఐదు నిమిషాల ఇంగ్లీషు. ఆ రెండు వారాలూ నాకు "ఇంపాక్ట్", "స్కేల్" అనే మాటల్ని ఎక్కడ నొక్కి పలకాలో నేర్పారు. ఒక ట్రైనర్ "ఒక పిల్ల ఏడుపు కథతో మొదలుపెట్టండి" అన్నాడు. మా దగ్గర ఏడ్చిన పిల్ల ఎవరూ లేరండీ, ట్రంకులో దాచుకున్నవాడున్నాడు అంటే, అది నవ్వొచ్చే కథ, పనికిరాదన్నాడు. పని మొత్తం తెలిసిన అక్క చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తెలుగు తప్ప రాదు కాబట్టి ఆమె పేరు స్లైడు మీద ఫొటో కింద ఉంది అంతే. ఒక దాత నన్ను ఏదో లోతుగా అడిగితే నేను తిరిగి ఆమె మొహం చూశాను, ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు, నాకు జవాబు తెలీదు. దేశంలో బాగా నడిచే చిన్న సంస్థలు ఎన్ని ఇలా ఇంగ్లీషు దరఖాస్తు దగ్గరే ఆగిపోతున్నాయో మీరే ఊహించుకోండి. యాక్సిలరేటర్లు నడిపేవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, దరఖాస్తుని వాట్సాప్‌లో తెలుగు వాయిస్ మెసేజ్‌గా తీసుకుంటే మీ సొమ్మేం పోదు.

డెమో డే అయ్యాక అందరూ అడిగేది ఒకటే, ఐదు జిల్లాలకి ఎప్పుడు వెళ్తారు? ఇక్కడే జాగ్రత్త. కంపెనీకి సరుకు కొనేవాడే డబ్బిస్తాడు, సరుకు బాగుంటే అమ్మకం పెరుగుతుంది, అమ్మకంతో పాటే ఖర్చుకి డబ్బూ వస్తుంది. మనకి అద్దాలు పెట్టుకునేది ఒకరు, డబ్బిచ్చేది ఇంకొకరు. పని పెరిగిన కొద్దీ డబ్బు దానంతట అది పెరగదు, మనం ఇంకా ఎక్కువ ఊళ్లు తిరిగి అడుక్కోవాలి. పైగా ఇచ్చే డబ్బు అద్దాలకిస్తారు, అకౌంటెంట్‌కి ఇవ్వరు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే.

చట్టం కూడా మనకి పెద్ద సాయమేం చేయలేదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది, అలా వచ్చిన డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం పూర్తిగా ఆగిపోయింది. అంటే విదేశీ డబ్బు తెచ్చి మనలాంటి చిన్నవాళ్లకి పంచిపెట్టే పెద్ద సంస్థల దారి మూసుకుపోయింది. సీఎస్‌ఆర్‌లో, అంటే కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే డబ్బులో, ఇంకో తమాషా. అక్కడ 5 శాతం అని ఒక పరిమితి ఉంది, అది కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడుపుకునే ఖర్చుకి పెట్టింది. మన అకౌంటెంట్ జీతానికి పెట్టింది కాదు. కానీ "రూల్ ప్రకారం మీకు 5 శాతమే" అని మన మెడకి చుట్టేవాళ్లు ఎంతమందో. రేపు ఎవరైనా అంటే ఆ నిబంధన తీసి చదివి వినిపించండి, మర్యాదగానే.

సోషల్ ఎంటర్‌ప్రైజ్ అని ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్న మిత్రులు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. మీకు పెట్టుబడి రావచ్చు గానీ, మామూలుగా కంపెనీల సీఎస్‌ఆర్ ప్రాజెక్టులు మీ చేతికి రావు, దానికి ట్రస్టో సొసైటీయో, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీయో అయి ఉండాలి, ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం పెట్టి ఉండాలి. యాక్సిలరేటర్‌లో చేరాక ఇది తెలిసి రెండోది రిజిస్టర్ చేయించుకుని, రెండు బ్యాంకు ఖాతాలు, రెండు ఆడిట్లు మోస్తున్నవాళ్లని చూశాను. ముందే ఆలోచించుకోండి.

అందుకని ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, ఫలానా యాక్సిలరేటర్‌కి పెట్టమంటారా" అంటే నేను అడిగేవి కొన్నే. వాళ్లిచ్చే డబ్బుతో అకౌంటెంట్ జీతం ఇవ్వొచ్చా, లేక దానికీ షరతులున్నాయా? ఆరు నెలల్లో ఎన్ని రోజులు నువ్వు ఊళ్లో లేకుండా పోతావు, ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారు? పాత బ్యాచ్ వాళ్లలో, వెబ్‌సైట్‌లో ఫొటో ఉన్నవాళ్లు కాకుండా, మధ్యలో మానేసినవాళ్ల నంబరు ఇస్తారా? "ఇవ్వం" అన్నారంటే నాకు అనుమానమే.

తొందర గురించి ఒక్క మాట. మన హైదరాబాద్ ఖేతీ వాళ్లు చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ తయారుచేశారు. 2022లో పర్యావరణానికి మేలు చేసేవాళ్లకిచ్చే ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది, పది లక్షల పౌండ్లు. వాళ్లు మొదలుపెట్టింది 2015లో, అంటే ఏడేళ్లు. మాకైతే ఐదు జిల్లాలన్నది ఇప్పటికీ రెండే అయింది. దాతలకి ఏటా ఒకసారి క్షమాపణలాంటి ఉత్తరం రాస్తాం, దాంతోపాటు ముక్కు మీద ఎన్ని ఉన్నాయో ఆ లెక్క పంపిస్తాం. ఇద్దరు మానేశారు, ముగ్గురు ఉన్నారు, ఒకాయన ఏ షరతూ లేకుండా మూడేళ్లకి ఇచ్చాడు, ఆ డబ్బుతోనే అక్క జీతాన్ని ముక్కలు చేయకుండా ఒకే ఖాతాలో రాస్తున్నాం.

నాకిచ్చిన టైములో ఇంకా పది నిమిషాలున్నాయి. అక్క ఈరోజు వచ్చింది, ఆ మూడో వరసలో ఉంది, స్క్రూల డబ్బా కూడా తెచ్చింది. ఆరోజు డెమో డేలో దాత నన్ను అడిగిన ప్రశ్న ఏంటంటే, పెట్టుకోని పిల్లని మళ్లీ పెట్టుకునేలా ఎలా ఒప్పిస్తారు అని. అక్కా, మైకు తీసుకోండి. తెలుగులోనే.