మనం ఉన్నామని వాళ్ళకెలా తెలుస్తుంది?

(సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం సందర్భంగా, 2025 సెప్టెంబర్ 20న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, విభాగాధిపతి గారికి, అధ్యాపక మిత్రులకి, ఈ సభ కోసం మూడు రోజులుగా తిరిగిన విద్యార్థులకి, శనివారం పూట కూడా ఇళ్ళకి వెళ్ళకుండా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన బాబు నన్ను సాఫ్ట్‌వేర్ నిపుణుడు అన్నాడు. కాదు నాయనా, ముప్ఫై రెండేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ప్రోగ్రాములు రాయను. విండోస్ లాగే కంప్యూటర్ని నడిపించే డెబియన్ అనే ఉచిత వ్యవస్థని వాడతాను, పిల్లల చేత వాడిస్తాను. ఆ అనుభవంతోనే మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం "డెబియన్ 13లో కొత్త విశేషాలు". ముందు అవి చెప్పేస్తాను. ఆగస్టు 9న విడుదలైంది. పేరు ట్రిక్సీ. ప్రతి విడుదలకీ ఒక బొమ్మల సినిమాలోని పాత్ర పేరు పెట్టడం డెబియన్ వాళ్ళ ఆనవాయితీ. దీని వెనక రెండేళ్ళకి పైగా పని ఉంది. మొత్తం 69,830 ప్యాకేజీలు, అంటే ఎక్కించుకోవడానికి సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేర్ మూటలు, అందులో 14,100కి పైగా కొత్తవి. యంత్రభాగాల్ని నడిపించే మూల ప్రోగ్రాం, లైనక్స్ కెర్నల్, 6.12. రిస్క్-ఫైవ్ అనే రకం ప్రాసెసర్లకి మొదటిసారి అధికారికంగా చోటు దొరికింది. ఐదేళ్ళ పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

ఇంత పని చేసింది ఏ కంపెనీ అని అడుగుతారేమో. ఏ కంపెనీదీ కాదు. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి దీన్ని ప్రకటించాడు. అప్పటికతనికి ఇరవై ఏళ్ళు, ఇంచుమించు మీ వయసే. తన స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి డెబియన్ అన్నాడు. 2015 డిసెంబర్‌లో ఆయన పోయాడు. ప్రాజెక్టు ఆగలేదు. 2017లో వచ్చిన డెబియన్ 9ని ఆయనకి అంకితమిచ్చారు. దేశదేశాల్లో ఉన్న వెయ్యిమంది దాకా డెవలపర్లు ఏటా ఓట్లేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. వాళ్ళ వార్షిక సమావేశం 2023లో మన పక్కనే, కొచ్చిలో జరిగింది. మా అమ్మాయి పెళ్ళి పనుల్లో ఉండి వెళ్ళలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

విశేషాలు ఇంకా ఉన్నాయి. కానీ విడుదల పత్రంలో ఒక పేరా దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఐ386కి, అంటే పాత 32 బిట్ పీసీలకి, ఇకమీదట కెర్నల్ ఉండదు, ఇన్‌స్టాలర్ ఉండదు. అలాంటి మెషిన్లున్న వాళ్ళు 13కి మారొద్దని రాశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి.

2017లో మా బడిలో పదకొండు కంప్యూటర్లని కండెమ్ చేశారు. ఒకాయన జాబితా పట్టుకొచ్చి, ఒక్కదాని స్విచ్చి కూడా వెయ్యకుండా, పదకొండింటి మీదా సుద్దతో ఇంటూ గుర్తు పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సుద్ద గుర్తులు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. తుక్కు కింద తీసుకెళ్ళే దాకా గదిలోనే పడుంటాయి కదా, ఈలోపు పిల్లల్ని ముట్టుకోనివ్వండని హెడ్మాస్టర్ గారిని బతిమాలాను. ఆయన దయగల మనిషి, తాళం నా చేతికిచ్చారు.

డబ్బాలు ఒక్కొక్కటే విప్పాం. ఒకదాంట్లో ఎలుక గూడు. కొరికిన కాగితాలు పైకి తీస్తే ఎవరి నోట్సో, సగం పైథాగరస్ సిద్ధాంతం ఉంది. బ్రష్షులతో దుమ్ము దులిపాం. పాడైన ర్యామ్ తీసి, బాగున్నది ఇటుదటు మార్చాం. పెన్‌డ్రైవ్‌తో డెబియన్ 9 ఎక్కించి, బరువు లేని ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ పెట్టాం. పదకొండూ లేచాయి! భాష ఎంచుకునే చోట "తెలుగు" అన్న అక్షరాలు చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మన భాష గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లోనే కనిపిస్తుంది, మామూలు టెక్స్ట్ తెర మన అక్షరాల్ని చూపించలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పనికొస్తుంది.

లేచాయి గానీ అప్‌డేట్ చేద్దామంటే కుదరదంది. ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదని ఎర్రర్. రెండు రోజులు కుస్తీ పట్టాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి తెర మూలన గడియారం చూపించి, "సార్, ఇది నేను పుట్టకముందు రోజుల్లో ఉంది" అంది. చూస్తే 2002 జనవరి 1! మదర్‌బోర్డు మీద బొత్తాం లాంటి బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కెళ్ళి 2002లో కూర్చుంటోంది. 2017లో తయారైన ఫైలు దాని లెక్కన పదిహేనేళ్ళ తర్వాతిది, ఎలా నమ్ముతుంది? గడియారాల షాపులో బ్యాటరీలు కొనుక్కొచ్చి వేశాం. దెబ్బకి దారిలోకి వచ్చాయి.

గడియారం అన్నాను కాబట్టి ఇంకో సంగతి. కంప్యూటర్ 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది. 32 బిట్లలో ఆ లెక్క 2,147,483,647 దగ్గర నిండిపోతుంది. మన టైములో అది 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. బడిలో పిల్లలు ప్రార్థనకి వరసలు కట్టే వేళ. ఆ తర్వాతి సెకనుకి గడియారం 1901కి పోతుంది. డెబియన్ వాళ్ళు ఇప్పుడే, పదమూడేళ్ళ ముందే, సెకన్ల లెక్కని 64 బిట్లకి మార్చేశారు. అందుకోసం వేల ప్యాకేజీలు మళ్ళీ బిల్డ్ చేశారు. ఒక్క ఐ386ని మాత్రం మార్చలేదు. పాత ప్రోగ్రాములు నడవడానికే దాన్ని ఉంచారు, మారిస్తే అవే నడవవు.

అమ్మా, వెనక కూర్చున్న వాళ్ళకి వినిపిస్తోందా? ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నా పదకొండు మెషిన్ల దగ్గరికి వస్తాను. నేను రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు వెళ్ళి చూసుకుంటున్నాను. 9 నుంచి 10, 11, 12 దాకా తీసుకొచ్చాను. కిగ్ అనే రేఖాగణితం ప్రోగ్రాంలో వృత్తాలు, స్పర్శరేఖలు గీయడం అక్కడే నేర్పాను. ఐ386 వార్త చూసిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ప్రాసెసర్ వివరాలు చూపించమని ఒక్కోదాంట్లో ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టాను. ఏడింటిలో "32 బిట్, 64 బిట్" అని వచ్చింది. ఇన్నాళ్ళూ అవి 64 బిట్ మెషిన్లేనన్న సంగతి నేను చూసుకోలేదు. వాటిలో కొత్తది మొదటి నుంచీ ఎక్కించుకోవచ్చు. మిగతా నాలుగూ ఉత్త 32 బిట్ పెంటియం 4లు. వాటికి డెబియన్ 12తోనే సరి, 2028 జూన్ వరకు అప్‌డేట్లు వస్తాయి.

మొదట నాకు కోపం వచ్చింది. మా పిల్లల కంప్యూటర్ల మీద మళ్ళీ సుద్ద గుర్తు పెట్టారనిపించింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఒకటి గుర్తొచ్చింది. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: ఏ ప్యాకేజీలు వాడుతున్నారో తెలిపే సర్వేలో పాల్గొంటారా అని. పాప్‌కాన్ అంటారు. ఒప్పుకుంటే వారానికోసారి, పేరూ ఊరూ లేకుండా, ప్యాకేజీల జాబితా వాళ్ళకి చేరుతుంది. "కాదు" ముందే ఎంచి ఉంటుంది. నేను పదకొండు సార్లు ఎంటర్ కొట్టుకుంటూ పోయాను.

పదకొండు సార్లు! మా ఊళ్ళో పదకొండు పాత మెషిన్ల మీద పిల్లలు రేఖాగణితం నేర్చుకుంటున్నారని ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఐ386 నిర్ణయం ఆ ఒక్క లెక్క మీదే జరిగిందని నేననను. పాత ప్రాసెసర్లకి పరీక్షలు చెయ్యాలి, కెర్నల్ చూసుకోవాలి, ఆ చాకిరీకి మనుషులు కావాలి. కానీ మాలాంటి బళ్ళు ఎన్ని ఉన్నాయో, ఎంతమంది నాలాగే ఎంటర్ కొట్టారో! డబ్బు కట్టి కొన్న సరుకైతే బిల్లు ఉంటుంది, అమ్మినవాడికి మనం లెక్కలో ఉంటాం. యజమాని లేని చోట నోరు విప్పి చెప్పకపోతే మనం లేనట్టే. నేను ఈ రోజు ఇక్కడికి వచ్చింది ఈ మాట చెప్పడానికే. ట్రిక్సీ విశేషాలు మీరు నాకంటే బాగా చదువుకోగలరు.

చెబితే వింటారా అని అడగొచ్చు. వింటారు. లాప్‌టాప్‌లో డెబియన్ వేస్తే వైఫై రాదని ఏళ్ళ తరబడి ఫిర్యాదు ఉండేది. ఆ వైఫై చిప్పుకి కావలసిన ఫర్మ్‌వేర్, అంటే చిప్పుని నడిపించే ప్రోగ్రాం, ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు, అందుకని ఇన్‌స్టాలర్‌లో పెట్టేవారు కాదు. సిద్ధాంతం ఒకవైపు, వాడేవాళ్ళ ఇబ్బంది ఇంకోవైపు. 2022లో ఓటింగ్ పెట్టుకుని ఆ ఫర్మ్‌వేర్‌ని చేర్చాలని తేల్చారు. డెబియన్ 12 నుంచి చాలా లాప్‌టాప్‌లకి ఆ ఇబ్బంది తప్పింది. వాళ్ళ సామాజిక ఒప్పందం 1997 నాటిది. సమస్యల్ని దాచిపెట్టం అని అందులో రాసుకున్నారు. బగ్గుల, అంటే లోపాల, చిట్టా మొత్తం లోకానికి తెరిచే ఉంటుంది.

నిరుడు మార్చిలో ఎక్స్‌జెడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఫైళ్ళు కుదించే చిన్న సాధనం అది. దాన్ని దాదాపు ఒక్కడే చూసుకునేవాడు, అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని వచ్చి, రెండేళ్ళకి పైగా నమ్మకం సంపాదించి, ఎవరో దొంగదారి పెట్టారు. డెబియన్‌లో ఇంకా తయారవుతున్న రూపం, అన్‌స్టేబుల్, వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకి, దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమైనట్టు అనిపించింది. పోనీలే అని ఊరుకోలేదు. తవ్వి చూసి, అందరికీ చెప్పాడు. అందరూ వాడే స్టేబుల్ దాకా రాకుండా ఆగింది. నేనైతే అర సెకనే కదా అని టీ తాగి వచ్చేవాణ్ణి. మీలో ఎంతమంది పట్టించుకునేవారు? నిజం చెప్పండి.

మా బడిలో తేదీ పట్టిన ఆ అమ్మాయి పేరులో "లక్ష్మి" ఉంది. ఒక ప్రోగ్రాంలో ఆ "క్ష్మి" విడిపోయి పడేది. తన పేరు సరిగ్గా రాలేదని రెండు మూడు సార్లు నాతో అంది. పోనీ అమ్మా, మనకి అర్థమవుతోందిగా అన్నాను. రెండేళ్ళు అలాగే నడిపించాను. ఎవరో మహానుభావుడు చెప్పుంటాడు, ఒక అప్‌డేట్‌లో సరైంది. అప్పటికి ఆ అమ్మాయి పది పాసై వెళ్ళిపోయింది. రిపోర్ట్‌బగ్ అనే సాధనంతో ఒక ఈమెయిలు పంపితే అయ్యే పని. మన గుణింతం, మన వత్తులు మనం చూసి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన అనే తెలుగు ఫాంటు చేసి ఊరికే ఇచ్చారు, అది డెబియన్‌లో ఉంది. ఆయన ఇచ్చినదాన్ని వాడుకుంటూ, తప్పు కనిపించినా మాట్లాడకుండా కూర్చున్నాను.

చూసుకునేవాళ్ళు లేని ప్యాకేజీని డెబియన్‌లో అనాథ అంటారు. ఎవరైనా ముందుకొస్తే దత్తత అంటారు. వాళ్ళ మాటలే ఇవి. ఆ అనాథల జాబితా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మీరు ప్రోగ్రామింగ్ చదువుతున్నారు, నాకు రానిది మీకు వచ్చు. ఒక్కటి తీసుకోండి బాబూ, చిన్నదే తీసుకోండి.

ప్రిన్సిపాల్ గారూ, తమరికి ఒక విన్నపం. అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. మీ ల్యాబులో విండోస్ 11కి పనికిరావని పక్కన పెట్టబోయే మెషిన్లు ఉంటే, దయచేసి వాటి మీద సుద్ద గుర్తు పెట్టించకండి. 64 బిట్ ప్రాసెసర్ ఉంటే చాలు, ట్రిక్సీ నడుస్తుంది. మీకు అక్కర్లేదంటే చుట్టుపక్కల బళ్ళకివ్వండి. ఎక్కించి ఇచ్చే పూచీ నాది, ఈ పిల్లలది.

టైమైపోయిందని బాబు సైగ చేస్తున్నాడు. భోజనాలయ్యాక రెండో అంతస్తు ల్యాబుకి రండి. మా నాలుగు పెంటియం 4లలో ఒకదాన్ని ఆటోలో వేసుకొచ్చాను. ఈసారి పాప్‌కాన్ ప్రశ్నకి "అవును" పెట్టాను. పక్కనే ఇంకో మెషిన్‌లో డెబియన్ 13 తెలుగులో ఇన్‌స్టాల్ చేద్దాం. ఏ తెర మీద ఏ మాట తప్పుగా ఉందో, ఏ వత్తు చెదిరిందో కాగితం మీద రాసుకోండి, సాయంత్రంలోపు కలిసి పంపిద్దాం. నా పాత డబ్బా స్విచ్చి వేశాక లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, కాస్త ఓపిక పట్టండి.