మాల్దీవులు లోకల్ ఐలాండ్ ట్రిప్ రివ్యూ: రూమ్ కంటే ముందు బోటు చూసుకోండి

నమస్తే అండీ. మాల్దీవులు అనగానే అందరి కళ్లముందూ మెదిలేది నీళ్ల మీద కట్టిన ఆ విల్లాలే. ఆ రిసార్టుల రివ్యూలు బోలెడున్నాయి, ఇవాళ వాటి జోలికి పోను. మామూలు జనం కాపురాలుండే దీవుల్లో, చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగి తిరిగే ట్రిప్ ఎలా ఉంటుంది, పెట్టిన డబ్బుకి గిట్టుబాటేనా, అది మాట్లాడుకుందాం. 2009-10 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం రూల్స్ సడలించాకే ఈ గెస్ట్‌హౌస్‌లు పుట్టుకొచ్చాయి. అంతకుముందు టూరిస్టు అంటే రిసార్టే.

ఒక్క ముక్క చెప్పి వీడియో ఆపేయమంటే నేను చెప్పేది ఇదే: రూమ్ బుక్ చేసేముందు బోటు టైము చూసుకోండి. ఎందుకంటారా? మన ఫ్లైట్ దిగే వెలానా ఎయిర్‌పోర్టే హుల్హులే అనే ఒక దీవి. బయటికొచ్చి రోడ్డు దాటితే సముద్రం. అక్కణ్నుంచి కారులో వెళ్లగలిగేది రెండు చోట్లకే, రాజధాని మాలేకీ, హుల్హుమాలేకీ. మాలే వైపు బ్రిడ్జి కూడా 2018లో వచ్చిందే. మిగతా దేశమంతా, అంటే దాదాపు 1200 దీవులు, నీళ్ల మీదో గాల్లోనో వెళ్లాల్సిందే. అందులో జనం ఉండేవి 200 లోపే.

ఇప్పుడు మీ ఫ్లైట్ సాయంత్రం ఆరుకి దిగిందనుకోండి. మీరు బుక్ చేసింది ధిగురా. దక్షిణ అరి అటాల్‌లో (అటాల్ అంటే పగడపు దీవుల గుంపు) ఉంది, స్పీడ్‌బోట్‌లో గంటన్నర నుంచి రెండు గంటలు. ఆ రోజుకి ఆఖరి బోటు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ప్రత్యేకంగా బోటు మాట్లాడుకుంటే వందల డాలర్లు వదులుతాయి. సీప్లేన్ సంగతి ఇంకా కచ్చితం, చీకటి పడితే అసలు ఎగరదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగేవాళ్లు ఆ రోజు సీప్లేన్ మీద ఆశ పెట్టుకోకండి. అలాంటప్పుడు హాయిగా హుల్హుమాలేలో ఒక రాత్రి పడుకోండి. టాక్సీలో కాసేపట్లో చేరిపోతారు, అక్కడా బీచ్ ఉంది. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. ఫ్లైట్ తెల్లవారుజామున ఉంటే ముందురోజు బోటెక్కేయాలి.

చవకగా వెళ్లాలంటే స్లో ఫెర్రీలున్నాయి. మాలేలో, ఎయిర్‌పోర్టు వైపు కాకుండా అవతలి కొసన ఉన్న విల్లింగిలి టెర్మినల్ నుంచి మాఫుషి దీవికి గంటన్నర. టికెట్ రెండు మూడు డాలర్లే. స్పీడ్‌బోట్ అయితే అరగంట, ముప్పావుగంట, కానీ మనిషికి 20, 25 డాలర్లు. శుక్రవారం మాత్రం ఈ స్లో ఫెర్రీలు నడవవు. శుక్రవారం దిగే టికెట్ చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకో చిన్న మాట, స్పీడ్‌బోట్‌లో వెనక సీట్లలో కూర్చోండి. అల తగిలినప్పుడల్లా ముందు భాగం ఎగిరెగిరి పడుతుంది, నడుము పట్టేస్తుంది.

సరే, డబ్బు. యాప్‌లో రూమ్ రాత్రికి 80 డాలర్లు అని కనిపిస్తుంది. దాని మీద సర్వీస్ ఛార్జ్ 10 శాతం వేస్తే 88. ఆ 88 మీద టూరిజం జీఎస్టీ 17 శాతం, 2025 జులై నుంచి ఇదే రేటు. దాంతో దాదాపు 103 అయింది. ఆపైన గ్రీన్ ట్యాక్స్, చిన్న గెస్ట్‌హౌస్‌లో మనిషికి రాత్రికి 6 డాలర్లు, ఇద్దరికి 12. మొత్తం 115. చూశారా, 80 కాస్తా ఎక్కడికి పోయిందో! ఇదేం మోసం కాదు, పద్ధతే అంత. కానీ రెండు గెస్ట్‌హౌస్‌లు పోల్చేటప్పుడు ఒకరు అన్నీ కలిపి చూపిస్తారు, ఇంకొకరు విడిగా చూపిస్తారు. చివరి పేజీ దాకా వెళ్లి అంకె చూడండి. డాలర్లు అన్నిచోట్లా తీసుకుంటారు, చిల్లర మాత్రం అక్కడి కరెన్సీ రుఫియాల్లో చేతిలో పెడతారు. డాలరుకి 15.42 రుఫియాలు. బయటి దేశాల్లో ఆ రుఫియాలు మార్చుకోవడం కష్టం కాబట్టి ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లు ఎక్కువ పట్టుకెళ్లండి.

ఏ దీవి? మొదటిసారి వెళ్తూ రెండు మూడు రాత్రులే ఉంటే మాఫుషి. బోట్లు ఎక్కువ, రూములెక్కువ, ట్రిప్పుల బేరాలు బాగుంటాయి. నా మార్కులు పదికి ఆరే. రద్దీ ఎక్కువ, బోట్ల రొద తెల్లారగానే మొదలు. ప్రశాంతంగా, పొడవాటి ఇసుక తీరం కావాలంటే ధిగురా, పదికి తొమ్మిది. దీవి పొడవు మూడు కిలోమీటర్లు, చివర్న ఇసుకమేట మీదికి నడుచుకుంటూ వెళ్తే మీరూ సముద్రమూ తప్ప ఎవరూ ఉండరు. శాకాహారులకైతే తొడ్డూ చెప్తాను. అది పొలాల దీవి, పుచ్చకాయలూ బొప్పాయిలూ అక్కడే పండిస్తారు.

శాకాహారం మాటొచ్చింది కాబట్టి, అక్కడ అన్నిట్లోనూ ట్యూనానే. పొద్దున్నే పెట్టే మస్ హుని అంటే ట్యూనా, కొబ్బరికోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపింది. దాంతో రోషి, మన చపాతీ లాంటిదే. చేప తినేవాళ్లకి ఇంతకు మించిన టిఫిన్ లేదు, నాకు మధ్యాహ్నం పెట్టినా తింటాను. సాయంత్రం హోటళ్లలో కనిపించే ఉండలూ సమోసాల్లో కూడా చాలావాటిలో చేప ఉంటుంది. చూడ్డానికి ఆలూ సమోసాలాగే ఉంటాయి, అడక్కుండా నోట్లో పెట్టకండి.

ధిగురా వెళ్లేది ముఖ్యంగా వేల్ షార్క్ కోసం. ఏడాదంతా కనిపించే అతి కొద్ది చోట్లలో అదొకటి. కెప్టెన్ బోటు పైకప్పెక్కి రీఫ్ (పగడపు దిబ్బ) అంచు వెంట నల్లటి నీడ కోసం చూస్తుంటాడు. కనిపించగానే కేక, అందరూ ఫిన్స్ వేసుకుని దూకడమే. ఒళ్లంతా తెల్ల చుక్కలతో, ఐదారు మీటర్ల చేప మనల్ని లెక్కే చేయకుండా నింపాదిగా పోతుంటుంది. ఒళ్లు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. నచ్చనిదల్లా, ఒక్క చేప కనిపిస్తే చుట్టూ బోట్ల తిరునాళ్లే. ముట్టుకోకూడదు, ఫ్లాష్ వాడకూడదు అని రూల్ ఉన్నా మీద మీద పడేవాళ్లుంటారు. పొద్దున్నే బయల్దేరే ట్రిప్ అడగండి, మాఫుషి నుంచి వచ్చే బోట్లు చేరేలోపు చూసేయొచ్చు. స్కూబా, అంటే సిలిండర్ కట్టుకుని లోతుకి దిగే డైవింగ్, చేసేవాళ్లు మటుకు చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి.

ఇక పెట్టెలో ఏం పెట్టకూడదో. మద్యం తీసుకెళ్లనివ్వరు. దారిలో డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా అయినా ఎయిర్‌పోర్టులో ఉంచేసుకుని తిరిగొచ్చేటప్పుడు ఇస్తారు. లోకల్ దీవుల్లో అసలు దొరకదు. పంది మాంసం, పూజకు పెట్టుకునే విగ్రహాలు కూడా కస్టమ్స్ నిషేధాల జాబితాలో ఉన్నాయి. బ్యాగ్‌లో ఎప్పుడూ ఉండే బుల్లి వినాయకుణ్ని ఈసారికి ఇంట్లోనే ఉంచండి. 2024 నవంబర్ నుంచి వేప్‌లు (ఈ-సిగరెట్లు) కూడా బంద్. 2007 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి సిగరెట్ కూడా కుదరదు, టూరిస్టులకీ ఇదే రూలు. తిరిగొచ్చేటప్పుడు పగడపు ముక్కలు ఏరుకుని తెచ్చుకోకండి, అదీ నేరమే.

బట్టల విషయం. స్విమ్‌సూట్ వేసుకోవడానికి బికినీ బీచ్ అని విడిగా ఉంటుంది. ఊళ్లో తిరిగేటప్పుడు భుజాలూ మోకాళ్లూ కప్పేలా ఉంటే చాలు. రంజాన్ నెలలో వెళ్తే పగలు హోటళ్లు మూసేస్తారు, గెస్ట్‌హౌస్‌లో భోజనం ముందే మాట్లాడుకోండి.

వీసాకి ముందుగా పరిగెత్తక్కర్లేదు, దిగగానే ఉచితంగా ఇస్తారు. రిటర్న్ టికెట్, రూమ్ బుకింగ్ చూపించాలి. ఇమూగా అనే ప్రయాణ వివరాల ఫారం మాత్రం ప్రయాణానికి 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి. దానికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

సీజన్ చూస్తే డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎండ, అద్దంలాంటి నీళ్లు, మండే రేట్లు. మే నుంచి అక్టోబర్ దాకా వానలు. రోజంతా కురవదు గానీ బోటు ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుంది. అయినా ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెళ్లేవాళ్లని నేను తప్పు పట్టను. బా అటాల్‌లో హనిఫారు బే దగ్గర మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు గుంపులుగా వచ్చేది ఆ రోజుల్లోనే. అక్కడ స్కూబా చేయనివ్వరు, గైడ్‌తో పాటు స్నార్కెలింగే (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ పైపైన ఈదడం), అదీ ముప్పావుగంట. ధరవందూ దాకా చిన్న విమానం వెళ్తుంది, అక్కణ్నుంచి బోటులో ఐదు నిమిషాలు.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో, మీ ఫ్లైట్ ఎన్నింటికి దిగుతుందో కింద రాయండి. ఏ దీవికి బోటు అందుతుందో చూసి చెప్తాను. ఉంటానండీ.