రెట్రోషేర్ రివ్యూ: ఫ్రెండ్ లిస్ట్ మొత్తం దింపేస్తే ప్రైవసీ గోవిందా

నమస్తే అండీ. డబ్బుల సంగతి ముందే చెప్పేస్తా. రెట్రోషేర్ అంటే మధ్యలో సర్వర్ లేకుండా ఫ్రెండ్స్ కంప్యూటర్లని నేరుగా కలిపే సాఫ్ట్‌వేర్. ఉచితం, సోర్స్ కోడ్ ఓపెన్, వాళ్ళు మనకి పైసా ఇవ్వలేదు. ఈ వీడియో కోసం ఒక హోస్టింగ్ కంపెనీ మాత్రం వీపీఎస్ (నెట్‌లో అద్దెకిచ్చే కంప్యూటర్) ఫ్రీగా ఇచ్చింది. దాని సంగతి మధ్యలో వస్తుంది. చాట్, మెయిల్, ఫోరమ్స్, ఫైల్ షేరింగ్ అంటూ ఫీచర్ల లిస్టు మీరు ఈపాటికి చూసేసి ఉంటారు, వాటి జోలికి వెళ్ళను.

నా గోలంతా 'యాడ్ ఫ్రెండ్' దగ్గరే.

మామూలు టొరెంట్‌లో ముక్కూ మొహం తెలీని వాళ్ళందరికీ మీ ఐపీ, అంటే నెట్‌లో మీ అడ్రస్, కనిపిస్తుంది. ఇక్కడ మీ కంప్యూటర్ మీరు ఒప్పుకున్న వాళ్ళతోనే నేరుగా మాట్లాడుతుంది. ఫ్రెండ్‌కి ఫ్రెండ్ దగ్గరున్న ఫైల్ కావాలంటే మీ ఫ్రెండ్ గుండా టన్నెల్ పడుతుంది. ఫైల్ ఇచ్చేవాళ్ళెవరో మీకు తెలీదు, తీసుకునేదెవరో వాళ్ళకి తెలీదు. కానీ నేరుగా కలిసిన ఫ్రెండ్‌కి మీ ఐపీ తెలుసు, మీరెప్పుడు ఆన్‌లైన్‌లో ఉంటారో తెలుసు. డిస్కవరీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీ మిగతా ఫ్రెండ్స్ ఎవరో కూడా తెలుస్తుంది.

అందుకే సోషల్ మీడియా కాంటాక్ట్స్ మొత్తం తెచ్చి ఇందులో పోయొద్దు. శుభలేఖ పంచే లిస్టు వేరు, ఇంటి తాళం ఇచ్చే లిస్టు వేరు. ఫేస్‌బుక్ గ్రూపులో సర్టిఫికెట్ (ఫ్రెండ్‌గా కలవడానికి ఇచ్చే మీ గుర్తింపు కోడ్) పేస్ట్ చేసి 'యాడ్ మీ ప్లీజ్' అంటారు చూడండి, దానికంటే మామూలు టొరెంట్ వాడుకోవడం నయం. ఆ సర్టిఫికెట్‌లో మీ ఐపీ కూడా ఉంటుంది బాబూ!

ఈ తలనొప్పి కొత్తదేం కాదు. 2009లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళు ఇలాగే ఫ్రెండ్స్ గుండా ఫైళ్ళు పంచుకునే వన్‌స్వార్మ్ తెచ్చారు. మీ గూగుల్ టాక్ (అప్పటి గూగుల్ చాట్) ఫ్రెండ్స్‌లో అది వాడేవాళ్ళని తనే కనుక్కుని, ఒకరినొకరు గుర్తుపట్టే కీలు ఇద్దరికీ అందించేసేది. సుఖమే, కాదనను. కాకపోతే ఎవరు ఎవరితో కలిశారో మధ్యలో ఉన్న సర్వర్‌కి తెలిసేది, తలుచుకుంటే అసలు కీ బదులు వేరేది పెట్టగలిగేది కూడా. ఫ్రెండ్స్ లేనివాళ్ళకి కమ్యూనిటీ సర్వర్ల ద్వారా కొత్తవాళ్ళని కలిపేది. అసలు బొక్క అక్కడే. 2011లో పరిశోధకులు చూపించింది ఏంటంటే, పక్కన చేరినవాడు జవాబు ఎంత త్వరగా వచ్చిందో కొలిచి, ఫైల్ మీ దగ్గరే ఉందా, మీరు వేరే వాళ్ళది అందిస్తున్నారా అన్నది పట్టేయొచ్చు. కావాలని ఆలస్యం కలిపినా సరిపోలేదు.

కాబట్టి ఇలా చేయండి. కాంటాక్ట్స్‌లో గొంతు గుర్తుపట్టగలిగేవాళ్ళని మాత్రమే ఎంచుకోండి. సర్టిఫికెట్ చాట్‌లో పంపినా, పీజీపీ ఫింగర్‌ప్రింట్ (కీ అసలుదేనని తేల్చే కోడ్) 40 అక్షరాలూ ఫోన్‌లో చదివి సరిచూసుకోండి. ఇద్దరూ ఒకరినొకరు యాడ్ చేయాలి; ఒక్కరే చేసి 'కనెక్ట్ అవట్లేదు' అంటే అవదు మరి. ఒకరిద్దరితో సరిపెట్టుకోకండి, ఐదారుగురైనా ఉండాలి, ఎందుకంటే సగం మంది కంప్యూటర్లు ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటాయి.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. అన్నీ సరిగ్గా చేసినా కనెక్ట్ కాలేదనే ఎర్ర గుర్తు పోదు. చాలాసార్లు కారణం సీజీనాట్, అంటే నెట్ కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచడం. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీ పబ్లిక్ ఐపీని ఇంకెంతోమంది పంచుకుంటున్నారు, మీరు పోర్ట్ ఫార్వర్డ్ చేసినా (రౌటర్‌లో బయటి నుంచి దారి తెరిచినా) లాభం లేదు. ఇద్దరిలో ఒక్కరికి బయటి నుంచి తెరిచిన పోర్ట్ ఉన్నా చాలు, కలుస్తారు. ఇద్దరూ సీజీనాట్ వెనకే ఉంటే కష్టం. ఇంత ముఖ్యమైన విషయం సాఫ్ట్‌వేర్ సూటిగా చెప్పదు, అదే చిరాకు!

వీపీఎస్ పనికొచ్చింది ఇక్కడే. దాంట్లో స్క్రీన్ లేకుండా ఒక నోడ్ (రెట్రోషేర్ నడిచే ఒక కంప్యూటర్) నడిపి అందరూ దాన్ని యాడ్ చేసుకుంటే, ఫైళ్ళు దాని గుండా వెళ్తాయి. ఫ్రీగా ఇచ్చారు కదా అని దాచలేను: ఆ డిస్క్ మనది కాదు. మీ ఫ్రెండ్స్ ఐపీలన్నీ వాళ్ళ మెషీన్‌లోనే చేరతాయి.

అది నచ్చకపోతే నోడ్ తయారుచేసేటప్పుడే టోర్ (ఐపీని దాచే నెట్‌వర్క్) హిడెన్ నోడ్ ఎంచుకోండి. డాట్ ఆనియన్ అడ్రస్ వస్తుంది, ఐపీ ఫ్రెండ్‌కి కూడా తెలీదు, సీజీనాట్ అడ్డు రాదు. స్పీడ్ మాత్రం నీరసం. మామూలు నోడ్ ఉన్న ఫ్రెండ్ దీనికి కనెక్ట్ అవ్వాలంటే వాళ్ళ వైపు ప్రాక్సీ (టోర్ గుండా పంపే సెట్టింగ్) సెట్ చేయాలి. టోర్ విడిగా నడుస్తుంటే పోర్ట్ 9050, టోర్ బ్రౌజర్‌తో అయితే 9150. ఇది తారుమారై గంటలు గంటలు తలబాదుకునేవాళ్ళే ఎక్కువ.

నా తీర్పు? ఐదారుగురు గట్టి మనుషులున్న గుంపుకి కళ్ళు మూసుకుని చెప్తా, పెట్టుకోండి. ఒంటరిగా వచ్చి లోపల ఫ్రెండ్స్ దొరుకుతారనుకుంటే డౌన్‌లోడ్ కూడా వద్దు. పెట్టుకున్నవాళ్ళు ఈరోజే ప్రొఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచండి. ప్రొఫైల్ పోయినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా మళ్ళీ ఇచ్చే సర్వర్ లేదు. మళ్ళీ కొత్త కీ, మళ్ళీ అందరికీ ఫోన్లు.