కొంచెమే కదా అనకండి: ఆవకాయ జాడీ, గ్లూటెన్, మా వంటిల్లు

(వంటింటి గట్టు. గట్టు మీద ఒక పింగాణీ జాడీ, ఒక గరిటె, ఒక గ్లాసు నీళ్లు. ఇంకేమీ లేవు.)

నమస్తే అండీ. ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. "కొంచెమే కదా, ఏం కాదులే."

మా బాబుకి తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం వాడికి సీలియాక్ జబ్బు అని తేలింది. అంతకుముందు నెలల తరబడి ఐరన్ మందు పోసినా రక్తం పెరగలేదు. పొట్ట ఉబ్బరం, వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం. గోధుమ పూర్తిగా మానేశాక వాడు మళ్లీ వాడిలా అయ్యాడు. అప్పటి నుంచి ఏ పెళ్లికి వెళ్లినా, ఏ చుట్టాలింటికి వెళ్లినా నేను వినే మాట ఇదే. "ఒక్క పూరీ ముక్క తింటే ఏమవుతుందమ్మా, పాపం పిల్లాడు అలా చూస్తున్నాడు." అనేవాళ్లందరూ ప్రేమతోనే అంటారు. అందుకే ఎదురు చెప్పడం కష్టం. పిన్నితో, అత్తయ్యతో పేగుల గురించి, ప్రొటీన్ల గురించి మాట్లాడితే వాళ్లకు ఎక్కదు. చాలా రోజులు ఆలోచిస్తే చివరికి సమాధానం మా అమ్మ వాళ్లింట్లోనే దొరికింది. ఇదిగో, ఈ జాడీ.

(జాడీ మీద చెయ్యి వేసి)

మన ఇళ్లలో ఆవకాయ జాడీ దగ్గరికి ఎవరిని పడితే వాళ్లని రానివ్వరు. చేతులు తుడుచుకోవాలి, గరిటె పొడిగా ఉండాలి, తీశాక మళ్లీ వాసెన కట్టాలి. చిన్నప్పుడు నేను ఒకసారి తడి గరిటె పెట్టబోతే మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "కొంచెమే కదా అమ్మమ్మా, రెండు చుక్కలు" అన్నాను. "రెండు చుక్కలు చాలవే, ఏడాది పచ్చడి పోవడానికి" అంది.

ఇప్పుడు చెప్పండి. ఆవకాయ జాడీ దగ్గర "కొంచెమే కదా" అని మన ఇంట్లో ఎవరైనా అంటారా? అనరు. మా బాబు పొట్ట ఈ జాడీ లాంటిది. గోధుమ ఆ తడి గరిటె.

గ్లూటెన్ అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే చపాతీ పిండి ముద్దని కుళాయి కింద పట్టుకుని మెల్లగా పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్లుగా గంజి పదార్థమంతా కారిపోతుంది. చివరికి చేతిలో రబ్బరులా సాగే ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఉండే ప్రొటీన్ల జాతి. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా అన్నీ గోధుమే కాబట్టి అన్నిట్లోనూ ఉంటుంది. "మరి మెత్తగా వండిన అన్నం కూడా జిగురుగా ఉంటుంది కదా, బెండకాయ కూడా జిగురే కదా" అని అడుగుతారు. ఆ జిగురు వేరు, ఈ జిగురు వేరు. అన్నం అంటుకునేది పిండి పదార్థం వల్ల. బియ్యంలో ఈ గ్లూటెన్ లేదు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, మొక్కజొన్న, వీటిలోనూ లేదు.

సీలియాక్ ఉన్నవాళ్ల ఒంట్లో ఏం జరుగుతుందంటే, చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డకి ఉండే నూగులాంటివి ఉంటాయి. తిన్నదాంట్లోంచి సారాన్ని పీల్చుకునేది అవే. గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటుపడి తన పేగు మీద తనే దాడి చేస్తుంది. ఆ నూగు అరిగి చదునైపోతుంది. పిల్లాడు తింటూనే ఉంటాడు, ఒంటికి మాత్రం పట్టదు. ఐరన్ మందు ఎందుకు పనిచేయలేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ జబ్బుకీ గోధుమకీ ఉన్న సంబంధాన్ని కనిపెట్టింది విల్లెం డికె అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు. ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. ఆయనకు 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన దాని మీద సిద్ధాంత గ్రంథం రాశారు. ఎంతమంది తల్లులు కారణం తెలియకుండానే పిల్లల్ని పోగొట్టుకుని ఉంటారో అనిపిస్తుంది నాకు, ఇది తలుచుకున్నప్పుడల్లా.

సరే, "కొంచెం" అంటే ఎంత? లెక్క చూద్దాం.

(స్క్రీన్ మీద: 1 గ్రాము గోధుమ పిండి = సుమారు 100 మిల్లీగ్రాముల గ్లూటెన్)

గోధుమ పిండిలో దాదాపు పదో వంతు గ్లూటెన్. సీలియాక్ ఉన్నవాళ్లు రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ తిన్నా మూడు నెలల్లో పేగు దెబ్బతిన్నట్టు పరిశోధనలో తేలింది. 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి ఇబ్బంది ఉండదని అంటారు. 50 మిల్లీగ్రాములంటే అర గ్రాము పిండి. చపాతీలు వత్తేటప్పుడు పీట మీద చల్లుతామే పొడి పిండి, అందులో రెండు చిటికెలు. పూరీ ముక్క దాకా వెళ్లక్కర్లేదు, పీట సరిపోతుంది. మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని నియమం పెట్టింది కూడా ఇందుకే.

ఇక నన్ను ఎక్కువగా బాధపెట్టే రెండో మాట. "నూనెలో బాగా వేగింది కదా, వేడికి అంతా చచ్చిపోతుందిలే." చచ్చిపోవడానికి గ్లూటెన్ క్రిమి కాదండీ. మరిగించినా, వేయించినా, శానిటైజర్ రాసినా అది అక్కడే ఉంటుంది. సబ్బు పెట్టి తోమి నీళ్లతో కడిగి వదిలించాలి, అంతే. పూరీలు వేయించిన నూనెలో అప్పడం వేయించి ఇచ్చారంటే అప్పడం మినపప్పుదే, నూనె మాత్రం తడి గరిటె.

అయితే జాడీకీ పొట్టకీ ఒక తేడా ఉంది. ఆవకాయ పాడైతే పైన బూజు కనిపిస్తుంది. పేగు పాడైతే పైకి కనపడదు. కొందరు పిల్లలకి వెంటనే వాంతులు, విరేచనాలు అవుతాయి. మా బాబుకి కాదు. తిన్న రోజు గంతులేస్తూనే ఉంటాడు. "చూశావా, ఏం కాలేదు" అంటారు అందరూ. లోపల బూజు పడుతున్నా పైకి తెలియని జాడీ అన్నమాట.

ఇప్పుడు వంట. గ్లూటెన్ ఫ్రీ అనగానే అందరూ ఖరీదైన బ్రెడ్డు, పాస్తా ప్యాకెట్ల కోసం వెతుకుతారు. నేనూ మొదటి నెల అలాగే డబ్బు తగలేశాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మన వంటింట్లో సగానికి సగం ముందు నుంచీ గ్లూటెన్ లేనిదే. అన్నం, పప్పు, పులుసు, పెసరట్టు, అరిసెలు, సకినాలు, బియ్యప్పిండి జంతికలు, రాగి సంకటి, బియ్యం నూకతో ఉప్పుపిండి. ఇడ్లీని చూడండి. గోధుమ లేకపోతే ఏదీ పొంగదు అంటారు కదా, మరి ఇడ్లీ ఎలా పొంగుతోంది? పులిసేటప్పుడు పుట్టిన గాలిని మినప్పప్పులోని జిగురు పట్టి ఉంచుతుంది. గోధుమ చేసే పనిని మినుము చేస్తోంది. మన పెద్దవాళ్లు ఎప్పుడో కనిపెట్టిన సంగతి ఇది.

జొన్నరొట్టె గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది విరిగిపోతోందని అందులో గుప్పెడు గోధుమ పిండి కలుపుతున్నారు. బయట కొన్న జొన్నరొట్టెలో కూడా అది ఉండొచ్చు, అడగండి. జొన్నపిండికి సాగే గుణం లేదు, నిజమే. దానికి మందు వేడినీళ్లు. కప్పు నీళ్లు తెర్లించి, ఉప్పు వేసి, స్టవ్ కట్టేసి కప్పు జొన్నపిండి పోసి గరిటె వెనకతో కలపండి. మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. వేడికి పిండి పదార్థం ఉడికి అదే జిగురు పుట్టిస్తుంది. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే అరచేతి మడమతో బాగా మర్దించాలి, ఇక్కడ బద్ధకిస్తే అంచులు చీలతాయి. తర్వాత పొడి జొన్నపిండి చల్లుకుంటూ తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు రాసి, ఆరాక తిప్పండి. పొంగుతుంది. పొద్దున చేసిన రొట్టె రాత్రికి కూడా మెత్తగానే ఉంటుంది.

దాక్కుని వచ్చే గోధుమ కూడా ఉంది. ముఖ్యంగా ఇంగువ! మనం కొనే ఇంగువలో అసలు ఇంగువ కొంతే, మిగతాది జిగురు, పిండి. ఆ పిండి చాలాసార్లు మైదా. బియ్యప్పిండితో చేసినదీ దొరుకుతుంది, డబ్బా వెనక చదివి తీసుకోండి. మాల్ట్ అని రాసి ఉంటే మామూలుగా అది బార్లీ. మనం ఇంట్లో మొలకెత్తించి చేసుకునే రాగి మాల్ట్‌తో ఏ ఇబ్బందీ లేదు, పేరు ఒకటే గానీ వస్తువు వేరు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. హోటల్లో మైసూరు బజ్జీ అంటే మైదా, రవ్వ దోశ అంటే బొంబాయి రవ్వ.

(కెమెరా గట్టు మీదుగా అలమర వైపు తిరుగుతుంది)

ఈ గట్టు చూసి కిందటి వీడియోలో కొందరు "షూటింగ్ కోసం సర్దారా" అని అడిగారు. కాదండీ, రోజూ ఇలాగే ఉంటుంది. గట్టు ఖాళీగా ఉంచుకోవడం నాకు అందం కోసం కాదు. గట్టు మీద పదిహేను డబ్బాలుంటే వాటి మధ్య ఎక్కడ చపాతీ పిండి రాలిందో ఎవరు చూస్తారు? తుడవాలంటే పదిహేనింటినీ జరపాలి, ఎవరూ జరపరు. ఖాళీ గట్టయితే ఒక్క తుడుపు. మా వంటిల్లు సర్దినప్పుడు బయటకు వచ్చినవి చెబితే నమ్మరు. ఎప్పటివో పాల పొడి సీసాలు, వాటిలో పప్పులు, పేరు లేని మూడు పిండి డబ్బాలు. ఏది బియ్యప్పిండో ఏది మైదానో వాసన చూసి చెప్పాలి. ఆ మూడూ ఆ రోజే తీసేశాను. పిల్లాడి ఆరోగ్యం వాసన మీద వదలలేను కదా.

మా మామగారికి చపాతీ లేనిదే రాత్రి గడవదు, కాబట్టి గోధుమ ఇంట్లో ఉంది. కానీ దానికి ఒక్కటే చోటు. అలమరలో అన్నిటికంటే కింది అర. పిండి ఎప్పుడూ కిందికే రాలుతుంది కదా, బాబు పిండ్లు పై అరలో, గోధుమ కింద. చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ మాత్రం విడివిడిగా ఉండాల్సిందే. చెక్క సందుల్లో, జల్లెడ కన్నాల్లో పిండి ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా నమ్మలేం. స్టీలు గిన్నెలతో పేచీ లేదు, బాగా తోమితే చాలు. ఇనప పెనం రెండోది కొన్నాను. మసిగుడ్డ కూడా వేరు. గట్టు తుడిచిన గుడ్డతోనే కంచం తుడిస్తే ఇంత శ్రమా వృథా.

ఇక్కడ మళ్లీ జాడీ దగ్గరికి వస్తాను. మన వాళ్లు పెద్ద జాడీని రోజూ తెరవరు. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి, దాన్నే వాడుకుంటారు. నెయ్యికి కూడా నేను అదే చేశాను. చపాతీకి నెయ్యి రాసిన చెంచా మళ్లీ నెయ్యి గిన్నెలోకి వెళ్తుంది, మనం గమనించం. అందుకని బాబు నెయ్యి సీసా వేరు, మూతకి ఎర్ర దారం కట్టాను. పెరుగుకీ అంతే. కూర అయితే ముందు వాడికి తీసి పెట్టాకే భోజనాల బల్ల మీదికి వస్తుంది. చపాతీ తుంచిన చేత్తో కూర గిన్నెలో గరిటె పట్టుకోవడం మా ఇంట్లో ఇప్పుడు లేదు. మామగారే అందరికంటే జాగ్రత్తగా ఉంటారు. ఆయనకు జాడీ మాట ఒక్కసారి చెబితే చాలింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పిండి మర, గిర్నీ అంటారు కదా, అక్కడ గోధుమ ఆడించిన రాళ్ల మీదే జొన్నలు పోస్తారు. మొదటి వాయి మనదే అయినా నిన్నటి గోధుమ లోపల ఉంటుంది. జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించుకోండి, బాబుకి ఒక్కడికే కాబట్టి సరిపోతుంది. ఓట్స్ గోధుమతో కలిసి పండి, కలిసి ఆడి వస్తాయి, విడిగా గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటేనే, అదీ డాక్టర్ని అడిగాకే. ప్రయాణానికి అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు నా సంచీలో ఎప్పుడూ ఉంటాయి. పెళ్లిళ్లకి వాడి క్యారేజీ వాడిదే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మీ పిల్లలకి అనుమానంగా ఉంటే ముందే గోధుమ మానిపించకండి. రక్త పరీక్ష, అవసరమైతే పేగు పరీక్ష, గోధుమ తింటున్నప్పుడు చేస్తేనే సరిగ్గా తెలుస్తుంది. మానేశాక చేస్తే ఏమీ లేదని రావొచ్చు. ముందు డాక్టరు, తర్వాత అలమర. ఈ జబ్బు మన వైపు ఉత్తరాది కంటే తక్కువే, అందుకే ఎవరికీ చప్పున తట్టదు. రక్తం పెరగకపోవడం, ఎదుగుదల ఆగిపోవడం ఉంటే మీరే అడగండి. జబ్బు లేనివాళ్లు బరువు తగ్గడానికని గోధుమ మానడం వేరే సంగతి, దాని గురించి ఇంకో వీడియోలో.

(స్టవ్ మీద పెనం. రొట్టె పొంగుతోంది.)

స్కూలు బస్సు వచ్చినట్టుంది, హారన్ వినిపిస్తోంది. రొట్టె వేడిగా ఉండగానే ఎర్ర దారం సీసాలో నెయ్యి వేసి పెట్టాలి. ఉంటానండీ.