తగలబెట్టారంటే తెలిసే చేశారు! కెన్యాలో బ్రిటిష్ వాళ్ళు మాయం చేసిన ఫైళ్ళు

నమస్కారం అండీ. ఈరోజు ఒక్కటే మాట చెప్తాను, అది మీకు ఎక్కేదాకా వదలను. 1950ల్లో తమ వలస కెన్యాలో తిరగబడ్డవాళ్ళని అణచడానికి తాము చేస్తున్నది తప్పని బ్రిటిష్ వాళ్ళకి ఆరోజే తెలుసు. తెలిసే చేశారు. తెలుసు కాబట్టే కాగితాలు తగలబెట్టారు.

ఈ గొడవ మళ్ళీ ఎందుకు లేచిందో మీకు తెలుసు. 2023 అక్టోబరు ఆఖర్లో రాజు చార్లెస్ నైరోబీ వెళ్ళాడు. విందులో నిలబడి, కెన్యా ప్రజల మీద జరిగిన హింసకి ఎలాంటి సమర్థనా లేదన్నాడు. విచారం అన్నాడు, బాధ అన్నాడు. క్షమించండి అన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఇక అప్పట్నుంచీ ఎక్కడ చూసినా ఒకటే వాదన. "ఆ కాలం వేరండీ, అప్పటి విలువలు వేరు, ఇవాళ్టి కళ్ళతో చూడకూడదు." మనవాళ్ళు కూడా అంటున్నారు, తెలుగులోనే రాస్తున్నారు. అది చూసే నాకు ఒళ్ళు మండింది.

సరే, ఆ కాలం మనుషులనే అడుగుదాం.

1957 జూన్. ఎరిక్ గ్రిఫిత్ జోన్స్ అని కెన్యాలో అటార్నీ జనరల్. అంటే ఆ వలసలో చట్టానికి పెద్దదిక్కు. గవర్నర్ ఎవెలిన్ బేరింగ్‌కి రహస్యంగా ఒక నోటు రాశాడు. నిర్బంధ శిబిరాల్లో ఉన్నవాళ్ళని దారికి తేవడానికి ఎలా కొట్టాలో అందులో ఉంది. శరీరంలో సున్నితమైన చోట్ల కొట్టకూడదట. ముఖ్యంగా ప్లీహం, కాలేయం, మూత్రపిండాలు, వీటి జోలికి పోకూడదట. కొట్టేవాడు ఆవేశపడకూడదు, నిదానంగా, నిబ్బరంగా ఉండాలట. ఒక లాయరు, టేబుల్ ముందు కూర్చుని, మనిషి ఒంట్లో ఎక్కడ కొట్టొచ్చో ఎక్కడ కొట్టకూడదో రాసిచ్చాడండీ! ఇదే అటార్నీ జనరల్ అదే గవర్నర్‌కి ఇంకో మాట కూడా రాశాడు. మనం పాపమే చెయ్యబోతున్నట్లయితే, చప్పుడు లేకుండా చెయ్యాలి అని.

పాపం అని ఎవరు రాశారు? నేను కాదు. బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ మౌ మౌ వాళ్ళు కాదు. బ్రిటిష్ ప్రభుత్వ లాయరు. ఇదే మనిషి అక్కడి పరిస్థితులు చూస్తే నాజీ జర్మనీ గుర్తొస్తోందని కూడా అన్నాడు. ఇక చెప్పండి, ఏ విలువలు వేరు?

ఆయనొక్కడే కాదు. 1954లో లండన్ నుంచి ఆర్థర్ యంగ్ అనే పోలీసు అధికారిని కెన్యాకి కమిషనర్‌గా పంపారు. తన కింది బలగాలు చేస్తున్న హత్యల మీద కేసులు పెడతానన్నాడు. గవర్నర్ అడ్డం పడ్డాడు. ఏడాది కూడా తిరక్కుండానే యంగ్ రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో బయటికి పొక్కనివ్వలేదు. ఆయనా ఆ కాలం మనిషే కదా! అదే దేశం, అదే యూనిఫారం. ఆయనకి తప్పు అనిపించింది. మిగతావాళ్ళకీ అనిపించింది, నోరు మూసుకున్నారు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి అసలు సంగతి గబగబా చెప్పేస్తాను. కికుయు జాతి ప్రజల సారవంతమైన కొండ నేలలు తెల్ల రైతుల పాలయ్యాయి. "వైట్ హైలాండ్స్" అని పేరు పెట్టి, అక్కడ ఆఫ్రికన్లు భూమి కొనే వీలే లేకుండా చేశారు. సొంత నేల మీదే కూలీలు అయిపోయారు. మగవాళ్ళందరి మెడలో కిపాండే. వేలిముద్రలు, ఎవరి దగ్గర పని చేస్తున్నాడు, ఎప్పుడు మానేశాడు, అన్నీ రాసిన కాగితం. దాన్ని ఒక రేకు డబ్బీలో పెట్టి తాడుతో మెడకి తగిలించుకుని తిరగాలి. అది లేకుండా దొరికితే జైలే. ఇది దశాబ్దాల పాటు నడిచింది. కడుపు మండినవాళ్ళు మౌ మౌ అయ్యారు. 1952 అక్టోబరు 20న అత్యవసర పరిస్థితి ప్రకటించారు, అది 1960 దాకా సాగింది. ఉరి తీసిన కెన్యన్లు 1,090 మంది. పది లక్షల మందికి పైగా జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించి ముళ్ళకంచెల మధ్య కొత్త గ్రామాల్లోకి తోలారు.

మౌ మౌ వాళ్ళు హత్యలు చెయ్యలేదా అంటారు. చేశారు. 1953 మార్చిలో లారీ అనే ఊళ్ళో ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా చంపారు. ఘోరం. కానీ ఒకటి చూడండి. లారీ గురించి ప్రపంచమంతటికీ ఫొటోలతో సహా చాటింది బ్రిటిష్ ప్రభుత్వమే. ఆ కాగితాలు ఎవరూ దాచలేదు. ఏవి చూపించారు, ఏవి దాచారు? నేను మాట్లాడుతున్నది దాని గురించి.

ఇప్పుడు హోలా. ఇది మాత్రం కాస్త ఆగి చెప్పాలి.

1959 మార్చి 3. హోలా శిబిరంలో 85 మంది ఖైదీల్ని కాలువ పనికి తీసుకెళ్ళారు. పని చెయ్యం అన్నారు వాళ్ళు. కర్రలతో బాదారు. పదకొండు మంది చచ్చిపోయారు, ఇంకా ఎంతోమందికి ఎముకలు విరిగాయి. ప్రభుత్వం ఏం ప్రకటన ఇచ్చిందో తెలుసా? నీళ్ళబండిలో నీళ్ళు తాగాక చనిపోయారని! పదకొండు శవాలు దెబ్బలతో కమిలిపోయి కళ్ళముందుంటే, నీళ్ళు తాగి పోయారని కాగితం మీద రాసి పత్రికలకి పంచారు. అసలు ఆ అబద్ధం ఎందుకు అవసరమైంది? ఆ కాలం విలువల ప్రకారం కొట్టి చంపడం మామూలే అయితే, కొట్టాం చచ్చారు అని రాసేవాళ్ళు కదా? గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నారు. అంతే.

శవపరీక్షలో నిజం బయటపడింది. జూలైలో బ్రిటిష్ పార్లమెంటులో చర్చ వచ్చింది. ఆరోజు అందరికంటే గట్టిగా కడిగేసిన వాడెవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇనాక్ పావెల్. తర్వాత 1968లో వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కాడే, ఆ పావెలే. ఆఫ్రికాలో ఒక ప్రమాణం, ఆసియాలో ఒక ప్రమాణం, ఇంట్లో బ్రిటిష్ ప్రమాణం అంటే కుదరదని సొంత పార్టీ ప్రభుత్వాన్నే నిలదీశాడు. పావెల్ లాంటివాడికే అర్థమైంది! అయినా ఆ పదకొండు చావులకీ ఒక్కడి మీద కూడా కేసు పెట్టలేదు.

కోర్టుల సంగతి అంటారా, తర్వాత స్వతంత్ర కెన్యాకి మొదటి అధ్యక్షుడైన జోమో కెన్యాట్టా విచారణ గురించి చెప్పకుండా ఉండలేను. మౌ మౌ నాయకుడివి నువ్వే అని ఆయన్ని పట్టుకుపోయి కపెంగురియా అనే మారుమూల ఊళ్ళో బడిగదిలో విచారించారు. ఆయన తరఫున వాదించడానికి నెహ్రూ ఇక్కడ్నుంచి దివాన్ చమన్‌లాల్‌ని పంపాడు. నైరోబీలో ఉన్న మన భారతీయ లాయర్లు కూడా నిలబడ్డారు. మనవాళ్ళు అక్కడ నిలబడ్డారన్న సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పరు. సరే, ముఖ్య సాక్షి రాసన్ మచారియా. కెన్యాట్టా మౌ మౌలో చేరేవాళ్ళతో ప్రమాణం చేయించడం నా కళ్ళతో చూశానన్నాడు. కెన్యాట్టాకి ఏడేళ్ళు కఠిన శిక్ష వేశారు. 1958లో ఇదే మచారియా అఫిడవిట్ ఇచ్చాడు: నేను చెప్పింది అబద్ధం, ప్రతిఫలంగా నన్ను సర్కారు ఖర్చుతో ఇంగ్లాండు పంపి చదివించారు అని. అప్పుడేం చెయ్యాలి? కేసు తిరగదోడాలి. వాళ్ళేం చేశారు? ఆ అఫిడవిటే అబద్ధమని మచారియాని జైల్లో పెట్టారు!

ఇక నా అసలు సబ్జెక్టు. మంట.

1961 మే నెలలో వలసల మంత్రి ఇయన్ మెక్లౌడ్ గవర్నర్లకి ఆదేశం పంపాడు. స్వతంత్రం ఇచ్చి వెళ్ళేటప్పుడు, మన ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే కాగితం, పోలీసుల్నీ సైన్యాన్నీ ఇరికించే కాగితం కొత్త ప్రభుత్వాల చేతికి చిక్కకూడదని. దీని అమలు చూడండి. ఫైళ్ళని రెండు రకాలుగా విడగొట్టారు. కొత్త ప్రభుత్వానికి ఇవ్వదగ్గవి "లెగసీ". ఇవ్వకూడనివి "వాచ్", వాటి మీద డబ్ల్యూ ముద్ర. వాచ్ ఫైలు తీసేస్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది కదా, అందుకని బదులుగా ఉత్తుత్తి ఫైలు తయారుచేసి పెట్టమన్నారు. కాలిస్తే బూడిద చెయ్యాలి, ఆ బూడిదని కూడా చిదిమెయ్యాలి. కాల్చడం కుదరకపోతే బరువు కట్టిన పెట్టెల్లో పెట్టి, తీరానికి వీలైనంత దూరంగా, ప్రవాహం లేని లోతు నీళ్ళలో పడెయ్యాలి. కెన్యాలో ఈ ఫైళ్ళు ఎవరు ముట్టుకోవాలి? యూరోపియన్ సంతతికి చెందిన బ్రిటిష్ పౌరుడైన ఉద్యోగి మాత్రమే. ఒంటి రంగు చూసి ఫైలు చేతికిచ్చారు.

ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నారో తెలుసా? మన దగ్గర! 1947లో వెళ్ళిపోతూ ఢిల్లీలో గుట్టలు గుట్టలుగా కాగితాలు కాల్చారు. ఊరి మీద పొగ కమ్మేసింది, భారతీయ పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. ఆ సంగతి తర్వాత వలసల శాఖ ఉత్తరంలోనే రాసుకున్నారు, ఢిల్లీలో జరిగినట్టు మళ్ళీ జరగకూడదని. 1957లో మలయాలో అయితే లారీలకి ఎత్తి సింగపూర్ నౌకాదళం కొలిమికి తరలించారు. ఆ ఢిల్లీ పొగలో మన దేశానికి సంబంధించి ఏమేం పోయాయో ఎప్పటికీ తెలియదు. అది తలుచుకుంటేనే నాకు నిద్రపట్టదు.

ఇక్కడ కొందరు వస్తారు, "కానీ రైల్వే ఇచ్చారు కదా" అంటూ. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా వేసిన ఉగాండా రైల్వే, 1896 నుంచి 1901. వేసింది ఎవరు? మన దేశం నుంచి, ఎక్కువగా పంజాబు నుంచి పట్టుకెళ్ళిన దాదాపు 32,000 మంది కూలీలు. వాళ్ళలో సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. లైను పడ్డాక దాని ఖర్చు రాబట్టాలి కదా, అందుకే తెల్ల రైతుల్ని పిలిచి పక్కన నేలలు పంచారు. కికుయు భూములు పోయిందే రైలు వల్ల! రైలు కానుక కాదు సార్, భూమి గుంజుకోవడానికి మొదటి మెట్టు.

కాల్చనివి ఏమయ్యాయి? ఇంగ్లాండులో హాన్స్‌లోప్ పార్క్ అని విదేశాంగ శాఖ కట్టుదిట్టమైన భవనం ఉంది. అక్కడ పెట్టి తాళం వేశారు. మా కాగితాలు మాకివ్వండని కెన్యా 1967లోనే అడిగింది. ఇవ్వలేదు. ఇటు కెన్యాలో మౌ మౌ మీద వలస కాలపు నిషేధం 2003 దాకా ఎత్తెయ్యలేదు. ఎత్తాక, 2009లో ఐదుగురు వృద్ధులు లండన్ కోర్టుకెక్కారు. వాళ్ళలో ఒకాయన హోలాలో స్పృహ తప్పితే చనిపోయాడనుకుని శవాల మధ్య పడేసిన మనిషి. బ్రిటిష్ ప్రభుత్వం వాదన ఏమిటో వినండి: 1963లో స్వతంత్రం ఇచ్చేశాం, ఆ బాధ్యత కూడా కెన్యా ప్రభుత్వానికే బదిలీ అయింది. అంటే నేను కొట్టిన దెబ్బలకి నువ్వే నీకు పరిహారం ఇచ్చుకో! 2011లో జడ్జి మెక్‌కోంబ్ ఆ వాదన ఒప్పుకోలేదు. అదే ఏడాది, ఆ కేసు ఒత్తిడికే, దాచిన ఫైళ్ళు ఉన్నాయని ఒప్పుకున్నారు. 37 పూర్వ వలసలవి 8,800 ఫైళ్ళు! కెన్యావే 300 పెట్టెలు. చిత్రహింసలు జరిగాయన్నది ఇక కాదనలేక 2012లో కోర్టులోనే అంగీకరించారు.

2013 జూన్ 6న విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో విచారం ప్రకటించి, 5,228 మందికి 1.99 కోట్ల పౌన్లు అన్నాడు, లాయర్ల ఖర్చులతో కలిపి. చట్టపరమైన బాధ్యత మాత్రం మాది కాదన్నాడు. తర్వాత మరో 40,000 మంది కెన్యన్లు కోర్టుకి వెళ్ళారు. 2018లో కొట్టేశారు. ఇంతకాలం గడిచాక న్యాయమైన విచారణ సాధ్యం కాదట.

ఇంతకాలం ఎందుకు గడిచింది? ఫైళ్ళు తాళం వేసి కూర్చున్నదెవరు? ఆలస్యం చేసినవాడికే ఆలస్యం లాభం ఎలా అవుతుంది? సాక్ష్యం కాల్చినవాడు సాక్ష్యం లేదని గెలిస్తే దాన్ని ఏ కోర్టు న్యాయమంటుంది?

డెడాన్ కిమాతి అనే మౌ మౌ నాయకుణ్ణి 1957 ఫిబ్రవరి 18న కామితి జైల్లో ఉరి తీసి, గుర్తు కూడా లేకుండా పాతిపెట్టారు. ఎక్కడ పాతారో చెప్పండని ఆయన భార్య ముకామి దశాబ్దాల పాటు అడిగింది. 2023 మేలో ఆమె కూడా పోయింది. చార్లెస్ నైరోబీలో దిగింది ఆ తర్వాత దాదాపు ఆరు నెలలకి. విచారం వద్దు రాజుగారూ, ఆ జైలు కాగితం బయటపెట్టించండి.